ఆఖరి ముడి

దసరా సెలవుల్లో మధిర వెళ్ళినప్పుడు వైరా ఏటి మడుగులో ఒక కొర్రమీను నాకు పడినట్టే పడి పోయింది. కర్ర విరగలేదు, నైలాన్ దారం తెగలేదు, గాలం వంగలేదు. ఒక్క కుదుపు వచ్చింది, నేను లాగాను, ఉత్త గాలం ఎగిరొచ్చి నా చొక్కాకి తగులుకుంది. రెండు గంటలు కూర్చుని ఆ గాలానికి కట్టిన కోడి ఈకలు, ఎర్ర ఉన్ని, మెరుపు దారం అన్నీ చేప నోట్లోకో నీళ్ళలోకో పోయాయి. చుట్టిన దారం మాత్రం గాలం మెడ దగ్గర విప్పుకుని స్ప్రింగులా వేలాడుతోంది.

వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తాతయ్య ఆ గాలాన్ని ఎడం చేత్తో తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"కట్టడం బాగానే కట్టావురా. మరి ముడేదీ?"

"వేశాను తాతయ్యా. ఒకటి కాదు, రెండు."

"నువ్వేసింది ముడి కాదురా, మెలిక. కొస ఎక్కడ దాచావు?"

అప్పటికి నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ముడి అంటే బిగించడం అనుకున్నాను గానీ, కొసని దాచడం అనుకోలేదు. సెలవుల్లో మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క విషయం మీదే గడిచాయి. ఈ వ్యాసం వాటి రిపోర్టు అనుకోండి.

మాది సాహిత్య పత్రిక, ఇందులో చేపలేంటి అని ఎడిటర్ అన్న అడిగాడు. ముడి మీద మన భాషకి ఉన్న ప్రేమ చూడండన్నా అన్నాను. పీటముడి, జారుముడి, చిక్కుముడి, కొంగుముడి, బ్రహ్మముడి. పెళ్ళంటేనే మూడు ముళ్ళు. ఇన్ని ముళ్ళకి పేర్లు పెట్టుకున్న భాషలో ఇంకో ముడి గురించి రాస్తే తప్పేముంది? అన్న ఒప్పుకున్నాడు.

ఈకల ఎర అంటే

మనకి తెలిసిన గాలం పద్ధతిలో కొక్కేనికి ఎర్రనో, పిండి ముద్దనో, చిన్న కప్పనో గుచ్చుతారు. ఇంగ్లీషులో 'ఫ్లై' అనే దాంట్లో తినే వస్తువు ఏదీ ఉండదు. ఈక, ఉన్ని, వెంట్రుకలు, దారం కలిపి గాలం కాడకి కట్టి, పురుగులానో కప్పలానో చిన్న చేపలానో కనిపించేటట్టు చేస్తారు. చేప మోసపోయి కొరకాలి. నేను దాన్ని 'ఈకల ఎర' అంటున్నాను. ఇంతకన్నా మంచి పేరు తడితే క్లబ్‌కి పంపండి.

ఇది కొత్త సరదా ఏం కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కట్టి చేపలు పడుతున్నారని రాశాడు. మన వైపు చూస్తే, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం, 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే ఇంకో పుస్తకం వేశాడు. ట్యాంక్ అంటే మన చెరువే. అంటే దక్షిణాది చెరువుల్లో గాలం వెయ్యడం మీద 1887కే ఒక పుస్తకం ఉంది.

కట్టే పద్ధతి సింపుల్‌గా చెప్తాను. గాలాన్ని చిన్న వైస్‌లో బిగిస్తారు. ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో మనం ఫైలింగ్ చేసి చేతులు కాయలు కాయించుకున్న బెంచ్ వైస్‌కి ఇది బుజ్జి తమ్ముడు. బాబిన్ అనే గొట్టం లోంచి సన్న దారం వస్తుంది. ఆ దారంతో గాలం కాడ మీద ఒక్కో వస్తువునీ చుట్టుకుంటూ కంటి వైపు వస్తారు. గాలానికి నైలాన్ కట్టే రంధ్రాన్ని కన్ను అంటారు. కంటి వెనక దారం కుప్పగా చేరిన చోటు 'తల'. అక్కడ ముడి వేసి దారం కోసేస్తే పని అయిపోయినట్టు.

ఈకల్ని, ఉన్నిని పట్టుకునేది దారం. దారాన్ని పట్టుకునేది మాత్రం ఆ ఆఖరి ముడి ఒక్కటే. కోడ్ అంతా రాసి చివరి బ్రాకెట్ మూయకపోతే కంపైలర్ ఊరుకోదు, అక్కడికక్కడే తిడుతుంది. ఈకల ఎరకి కంపైలర్ లేదు. టేబుల్ మీద అందంగానే ఉంటుంది. ఎర్రర్ వచ్చేది రన్ టైమ్‌లో, చేప కొరికినప్పుడు.

రెండు ముళ్ళు, రెండూ మన ఇంట్లోవే

ఎర తలకి వేసే ముళ్ళు ముఖ్యంగా రెండు. ఒకటి హాఫ్ హిచ్, రెండోది విప్ ఫినిష్. పేర్లు చూసి భయపడకండి. రెండూ మీరు చూసినవే.

అమ్మమ్మ మల్లెపూలు కట్టేటప్పుడు గమనించండి. వేళ్ళ మీద దారాన్ని ఒక్కసారి మెలిక తిప్పి, ఆ మెలికని పూల కాడల మీదకి జార్చి బిగిస్తుంది. అదే హాఫ్ హిచ్. పూలమాలలో అది నిలబడటానికి కారణం ఉంది. ఒక మెలిక మీద ఇంకో మెలిక వరసగా పడుతూనే ఉంటుంది, వెనకదాన్ని ముందుది కాస్తుంది. మాల చివరికి వచ్చాక అమ్మమ్మ కూడా ఉత్త మెలికతో వదలదు, గట్టి ముడి వేసే కోస్తుంది. నేను ఎర తల మీద రెండే మెలికలు వేసి కోసేశాను. కొసని అదిమి పెట్టింది ఒక్క చుట్టే. అది సడలగానే మొత్తం కథ వెనక్కి నడిచింది.

రెండోది బ్యాట్ హ్యాండిల్ ముడి. గల్లీ క్రికెట్ ఆడినవాళ్ళకి తెలుసు, హ్యాండిల్ మీద దారం ఊడిపోతే మళ్ళీ చుట్టాలి. చుట్టడం ఎవరైనా చుడతారు. చివర ఏం చెయ్యాలన్నదే తెలియదు. మాకు తాతయ్యే చుట్టి ఇచ్చేవాడు. వేరే దారం ముక్క ఒకటి మడిచి హ్యాండిల్ మీద పెట్టి, ఆఖరి ఆరేడు చుట్లు దాని మీదుగా వేసేవాడు. తర్వాత చుట్టే దారం కొసని ఆ మడతలోకి దూర్చి, మడతని రెండో వైపు నుంచి లాగేవాడు. మడతతో పాటు కొస కూడా చుట్ల కిందకి దూరి మాయమైపోయేది. పైన ముడి కనపడదు, చేత్తో తడిమినా తగలదు.

విప్ ఫినిష్ చేసేదీ సరిగ్గా ఇదే. దారం తన కొసని తన చుట్ల కిందే పాతిపెడుతుంది. తాతయ్య "కొస ఎక్కడ దాచావు" అన్నది ఇందుకే.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. పాత రకం గాలాలు కొన్నిటికి కన్ను ఉండదు, కాడ చివర కాస్త చదునుగా కొట్టి ఉంటుంది. వాటికి నైలాన్ దూర్చడానికి చోటు లేదు కాబట్టి కాడకి చుట్టి కట్టాలి. తాతయ్య నలభై ఏళ్ళుగా అలా కట్టిన ప్రతి గాలమూ ఇదే ముడి. ఆయన దానికి పేరు పెట్టలేదు, "గాలం కట్టు" అనేవాడు అంతే. నేను వీడియోల్లో విదేశీ విద్య అనుకుని చూస్తున్నది మా వసారాలోనే ఉంది.

ఎన్ని చుట్లు? ఎందుకు?

ఇంజినీరింగ్ కాలేజీ కాబట్టి కొంచెం లెక్క. ఒక స్తంభానికి తాడు చుట్టి ఒక కొస లాగితే, రెండో కొసని ఎంత చిన్న బలంతో ఆపగలమో చెప్పే సూత్రం మెకానిక్స్‌లో ఉంది, బెల్ట్ ఫ్రిక్షన్ చాప్టర్‌లో. రెండు వైపుల బిగుతుల నిష్పత్తి 'ఈ' పవర్ 'మ్యూ తీటా'. ఇక్కడ మ్యూ అంటే ఘర్షణ గుణకం, తీటా అంటే చుట్టిన మొత్తం కోణం. ఉదాహరణకి మ్యూ 0.2 అనుకుందాం. ఒక్క చుట్టుకి నిష్పత్తి సుమారు 3.5. ఐదు చుట్లకి సుమారు 535! చుట్లు ఐదు రెట్లు పెరిగితే పట్టు ఐదు రెట్లు కాదు, వంద రెట్లు దాటి పెరిగింది.

విప్ ఫినిష్‌లో పరిస్థితి స్తంభం అంత సింపుల్ కాదు. కొస చుట్ల కింద నలిగి ఉంటుంది, పైన ప్రతి చుట్టూ దాన్ని అదుముతుంది. ఒక చుట్టు సడలినా ఆ సడలింపు పక్క చుట్టుకి పాకాలంటే కాడ చుట్టూ ఉన్న ఘర్షణ అంతటినీ దాటాలి. పై లెక్క చెప్పేది ఆ దాటడం ఎంత కష్టమో. అందుకే హాఫ్ హిచ్ ఒక్కటి ఊడినంత తేలిగ్గా ఐదు చుట్ల విప్ ఫినిష్ ఊడదు.

అలాగని పదిహేను చుట్లు వెయ్యకండి. నేను వేశాను. చివర్లో కొసని లోపలికి లాగాలి కదా, అప్పుడు అదే ఘర్షణ మనకే అడ్డం తిరుగుతుంది. దారం మధ్యలో పుటుక్కుమంటుంది. నాలుగు నుంచి ఆరు చుట్లు చాలు. పెద్ద ఎర అయితే ఐదు చుట్ల ముడి ఒకటి వేసి, దాని మీద ఇంకొకటి వెయ్యడం మేలు.

పనిముట్లు: జీరో రూపాయల నుంచి మొదలు

*ఖాళీ పెన్ను.* హాఫ్ హిచ్ కోసం అమ్మే టూల్ అంటే చివర రంధ్రం ఉన్న సన్న కడ్డీ, అంతే. రీఫిల్ తీసేసిన బాల్ పెన్ను గొట్టం అదే పని చేస్తుంది. చిన్న గాలాలకి ఖాళీ రీఫిల్ ముక్క చాలు. గొట్టం మీద దారాన్ని ఒక్క మెలిక తిప్పాలి, గొట్టం మూతిని గాలం కంటికి తొడగాలి, మెలికని తల మీదకి జార్చి బిగించాలి. చూడాల్సింది ఒక్కటే. రంధ్రం కంటి కన్నా పెద్దదిగా ఉండాలి, గొట్టం మరీ లావుగా ఉండకూడదు. లావైతే మెలిక తల దాటి ఈకల మీద పడుతుంది.

హాఫ్ హిచ్ ఆఖరి ముడిగా బలహీనం అన్నాను గానీ పనికిరాదనలేదు. కట్టేటప్పుడు మధ్యలో మెస్ బెల్ కొడితే దారం ఊడకుండా ఒక హాఫ్ హిచ్ వేసి వెళ్ళొచ్చు. అది సేవ్ బటన్ లాంటిది. సబ్మిట్ బటన్ వేరే.

*మడత దారం.* పైన చెప్పిన బ్యాట్ హ్యాండిల్ పద్ధతి. సన్న నైలాన్ ముక్క ఒకటి మడిచి, మడత కంటి వైపు ఉండేటట్టు తల మీద పెట్టి, దాని మీదుగా ఐదారు చుట్లు వేసి, దారం కోసి, కొసని మడతలోకి దూర్చి వెనక్కి లాగాలి. ఖర్చు లేదు, ముడి పక్కాగా పడుతుంది. ఇబ్బందల్లా దారాన్ని ముందే కొయ్యాలి. కోశాక కొస జారిందా, మళ్ళీ మొదటికే. రెండు చేతులూ బాగా ఆడాలి.

*వేళ్ళు.* చూపుడు వేలు, మధ్య వేలు మధ్య దారాన్ని ఉచ్చులా పట్టుకుని, ఆ ఉచ్చుని కాడ చుట్టూ తిప్పుతారు. ఎక్కడైనా చెయ్యొచ్చు, ఏదీ కొనక్కర్లేదు. కానీ వేళ్ళకి పగుళ్ళుంటే సన్న దారం పట్టుకుని పీచు లేస్తుంది. మా ఇంట్లో పత్తి తీసే రోజుల్లో ఎవరి చేతులూ ఈ పనికి రావు.

*తిరిగే విప్ ఫినిషర్.* శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎరల పనిముట్లు చేసిన ఫ్రాంక్ మాటరెల్లి పేరు మీద దీన్ని మాటరెల్లి రకం అంటారు. ఒక గొట్టం పిడి, అందులో స్వేచ్ఛగా తిరిగే వంపు తీగ. తీగ చివర చిన్న కొక్కెం, మధ్యలో మోచెయ్యి లాంటి మూల. మన రెండు వేళ్ళు చేసే పని ఈ రెండూ చేస్తాయి. ఎక్కువమంది మొదట కొనేది ఇదే.

*తిరగని రకం.* దీనికి థాంప్సన్ రకం అని పేరు. అమెరికాలో ఎల్గిన్ అనే ఊళ్ళోని డి. హెచ్. థాంప్సన్ కంపెనీ నుంచి వచ్చిన పేరు. ఇందులో పిడి వేరు, తీగ వేరు అని ఉండదు. టూల్ మొత్తాన్ని వేళ్ళ మధ్య దొర్లించాలి. అలవాటైనవాళ్ళు దీన్ని వదలరు. కొత్తవాళ్ళకి తిరిగే రకమే తేలిక.

*పొడుగు రకం.* తిరిగేదే, తీగ ఇంకాస్త పొడుగు. కొర్రమీను కోసం పెద్ద గాలం మీద కప్పలాంటి ఎర కడితే ముడి కంటి దగ్గరే కాకుండా కాడ మధ్యలో, ఈకల వెనక వెయ్యాల్సి వస్తుంది. పొట్టి టూల్ అక్కడిదాకా అందదు.

తిరిగే టూల్‌తో ముడి, మెల్లగా

మొదటిసారి ఎరతో చెయ్యకండి. లావు దారం, పెద్ద గాలం తీసుకోండి. గాలం లేకపోతే వైస్‌లో పెన్సిల్ బిగించినా చాలు.

1. బాబిన్ నుంచి జానెడు దారం బయటికి లాగండి. దారం ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి.

2. టూల్ తీగ తిరగకుండా వేలితో అదిమి పట్టుకోండి. చివరి కొక్కేన్ని దారానికి తగిలించి, దారాన్ని మూల మీదుగా కూడా పోనివ్వండి.

3. బాబిన్ ఉన్న చేతిని పైకి తెచ్చి, దారం గాలం కాడకి సమాంతరంగా వచ్చేటట్టు పట్టుకోండి. ఇప్పుడు పక్క నుంచి చూస్తే దారం అంకె 4 ఆకారంలో కనపడాలి. 4 కనపడకపోతే ముందుకెళ్ళొద్దు, మళ్ళీ మొదలుపెట్టండి.

4. తీగ మీద వేలు తీసేసి, పిడి పట్టుకుని టూల్‌ని కాడ చుట్టూ తిప్పండి. కాడతో పాటు, కాడ వెంట పరుచుకుని ఉన్న దారం మీద కూడా చుట్టు పడాలి. పాతిపెట్టడం జరిగేది ఇక్కడే. ఐదు చుట్లు, ఒకదాని పక్కన ఒకటి.

5. టూల్‌ని వంచి మూల నుంచి దారం జార్చండి. కొక్కేనికి మాత్రం ఉచ్చు ఉండాలి.

6. బాబిన్‌ని నెమ్మదిగా లాగండి. ఉచ్చు చిన్నదవుతూ టూల్‌ని తల దాకా తీసుకెళ్తుంది. తలకి ఆనగానే కొక్కెం తప్పించి గట్టిగా ఒక్క లాగు లాగండి. దారం కొయ్యండి.

ఆరో మెట్టులో తొందరపడితే ఉచ్చు మెలికపడి ముద్దవుతుంది. ఆఖరి దాకా కొక్కెం బిగుతుని వదలకపోవడమే కిటుకు.

కొనేటప్పుడు చూడాల్సినవి

కొక్కెం నునుపు అన్నిటికన్నా ముఖ్యం. చవక టూల్స్‌లో తీగ కోసిన చోట గరుకు ఉండిపోతుంది. అది కంటికి కనపడదు, కానీ దారాన్ని ప్రతిసారీ కొంచెం కోస్తుంది. అమ్మ పట్టుచీర కొంగు మీద మాత్రం టెస్ట్ చెయ్యొద్దు, నేను తిట్లు తిన్నాను. దూదిలో ఒకసారి లాగి చూడండి. పీచు తగులుకుంటే నీరు కాగితంతో రుద్ది నునుపు చెయ్యొచ్చు.

రెండోది తిరుగుడు. పిడి పట్టుకుని తీగని వేలితో తోస్తే ఆగకుండా రెండు మూడు చుట్లు తిరగాలి. పట్టేస్తుంటే కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వెయ్యండి.

మూడోది మూల లోతు. మరీ లోతైతే ఐదో మెట్టులో దారం జారదు. లోతు లేకపోతే తిప్పేటప్పుడే జారిపోతుంది.

నాలుగోది పిడి లావు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. దాని కథ కిందుంది.

ఇక దారం విషయం. టైలర్ షాపు పాలిస్టర్ దారం పెద్ద ఎరలకి బాగానే పనికొస్తుంది. తేనెమైనం మీద ఒకసారి లాగితే చుట్లు జారవు. ముడి అయ్యాక తల మీద రంగు లేని నెయిల్ పాలిష్ ఒక చుక్క వెయ్యండి. గాలం కంట్లోకి పోనివ్వొద్దు, తర్వాత నైలాన్ దూరదు. ఆ చుక్క ముడిని కాపాడుతుందే గానీ ముడి పని చెయ్యదు. ఉత్త మెలిక మీద ఎంత పాలిష్ పోసినా నా కొర్రమీను కథే.

తాతయ్య చెయ్యి

పోయినేడాది తాతయ్యకి పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడి చేతి వేళ్ళ పట్టు మాత్రం రాలేదు. అన్నం చెంచాతో తింటాడు. ఏటి ఒడ్డుకి వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, ఎవరు ఎక్కడ గాలం వెయ్యాలో చెప్తాడు. తను మాత్రం గాలం పట్టుకోడు. "కట్టలేనివాడికి వేసే హక్కు లేదురా" అన్నాడొకసారి, నవ్వుతూనే. మేమెవరం నవ్వలేదు.

నాకు ముడి నేర్పించింది ఆయన నోరే. చేతులు నావి. "బిగుతు వదలకు. ఇప్పుడు కొస పడుకోబెట్టు. దాని మీద చుట్టు." మూడో రోజుకి నాకు వచ్చింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. రెండు వేళ్ళు చేసే పనిని ఒక తీగ చేస్తున్నప్పుడు, వేళ్ళు పనిచెయ్యని మనిషికి అది పనికి రావాలి కదా?

టూల్ ఆయన చేతికిచ్చాను. కుడి చేత్తో పట్టుకోలేకపోయాడు. పిడి అగరబత్తి కన్నా కాస్త లావు, అంతే. రెండుసార్లు కింద పడింది. మూడోసారి తియ్యమని నేను అడగలేదు.

రాత్రి కూర్చుని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి చుట్టాను, బొటనవేలంత లావు వచ్చేదాకా. చుట్టడానికి వాడిన దారం చివర ఏ ముడి వేశానో చెప్పక్కర్లేదు. పొద్దున వైస్‌ని అటు నుంచి ఇటు తిప్పి పెట్టాను. ఎడం చేతివాటం వాళ్ళకి గాలం కన్ను రెండో వైపు ఉండాలి, మిగతా మెట్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ఎడం చేతిలో టూల్. కుడి చెయ్యి చెయ్యాల్సిందల్లా బాబిన్‌ని బిగుతుగా ఉంచడం. దానికి వేళ్ళ పట్టు అక్కర్లేదు, బరువు చాలు. బాబిన్‌ని ఆయన అరచెయ్యి కింద టేబుల్ అంచుకి ఆనించాం.

మొదటి రోజు 4 ఆకారమే రాలేదు. రెండో రోజు వచ్చింది గానీ చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆయన నా మీద విసుక్కున్నాడు, నేను టూల్ మీద విసుక్కున్నాను. సెలవులు అయిపోయి నేను హాస్టల్‌కి వచ్చేశాను. వైస్, టూల్ అక్కడే వదిలేశాను.

పోయిన వారం మా చెల్లి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఎర చూడటానికి ఏం బాగోలేదు. ఈక ఒక పక్కకి ఒరిగింది, తల శనగగింజంత లావుంది. కింద తాతయ్య వాయిస్ మెసేజ్: "ఇది ఒక రాత్రంతా నీళ్ళ గ్లాసులో ఉంది. పొద్దున గోరుతో గీకి చూశాను. ఊడలేదు. నీది పెట్టి చూశావా?"

పెట్టి చూడలేదు. ఆ రాత్రి పెట్టాను. మీరూ చెయ్యండి, ఇంతకన్నా మంచి టెస్ట్ లేదు. రాత్రంతా నీళ్ళలో ఉంచి, పొద్దున తల మీద గోరుతో కంటి వైపుకి గట్టిగా గీకండి. చుట్లు కదిలితే ఆ ఎర ఏటికి తీసుకెళ్ళకండి. బ్లేడుతో మొత్తం దారం కోసేసి, గాలం దాచుకుని, మళ్ళీ కట్టుకోండి.

ఏట్లో దిగేముందు

చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపలు పట్టే హక్కు అక్కడి మత్స్యకార సహకార సంఘాలది. అడిగి వెయ్యండి. మనకి సరదా, వాళ్ళకి బతుకు. పాల్వంచ వైపు కిన్నెరసాని లాంటి అభయారణ్యాల్లో అనుమతి లేకుండా గాలం తియ్యొద్దు, పైగా అక్కడ మొసళ్ళున్నాయి. ఈకలకి నాటుకోడి చాలు, చికెన్ కొట్టువాడు ఊరికే ఇస్తాడు. అడవిలో పక్షుల జోలికి వెళ్ళొద్దు.

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. వానాకాలంలో నీటి మీద ఎర్రగా పిల్లల గుంపు కనపడితే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అవి అప్పుడు దేన్నైనా కొరుకుతాయి, ఎర మంచిదని కాదు, పిల్లల కోసం. అక్కడ గాలం వెయ్యకండి. ఇది తాతయ్య రూల్.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్తున్నాను. ఈసారి కర్రలు రెండు తీసుకెళ్ళాలని చెల్లికి చెప్పాడంట. కుర్చీ మాత్రం ఒక్కటే చాలన్నాడంట, నేను నిలబడొచ్చట.